సంబంధం అని ఒక గడి

నా జిరాక్స్ షాపుకు వచ్చి "వీలునామా నమూనా ఏమైనా ఉందా అండీ" అని అడిగేవాళ్ళను నేను ఊరికే వదలను. కూర్చోబెడతాను. సాక్షులను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారా లేదా అని నిలదీస్తాను. "ఇప్పుడే తొందరేముందండీ, ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని" అని నీళ్ళు నమిలితే నాకు ఒళ్ళు మండిపోతుంది. నా నోటికి జడిసి కొందరు మళ్ళీ షాపు మెట్లెక్కరు. పోతే పోనీ. పక్క షాపులో జరిగింది కళ్ళారా చూశాక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

పక్కది టైలరు షాపు. కింద షాపు, పైన ఒక గది, గది చివర పొయ్యి పెట్టుకునేంత చోటు. మెట్లు షాపు లోపలి నుంచే. అదంతా మాస్టారి సొంతం. వీధిలో అందరూ ఆయన్ని ట్రయల్ మాస్టారనే వాళ్ళు. కోటు కుట్టడంలో ఆయనకు ఆయనే సాటి, కాదనను. కానీ ట్రయలు కానిదే డెలివరీ ఇచ్చే మనిషి కాదు. గుడ్డ కత్తిరించి, తెల్లదారంతో కచ్చాకుట్లు వేసి, ఒక చెయ్యి మాత్రం తగిలించి ముందు మనిషికి తొడిగి చూసేవారు. చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి సుద్దతో గీతలు పెట్టేవారు. ఆ మనిషి అలా గడప దాటగానే మొత్తం విప్పేసేవారు. మళ్ళీ కచ్చాకుట్లు, మళ్ళీ ట్రయలు. పెళ్ళికని కోటు కుట్టడానికి ఇచ్చినవాడు బిడ్డ పుట్టాక డెలివరీ తీసుకున్నాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

ఎందుకు మాస్టారూ ఈ తంటా అంటే ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. "సరిగ్గా కూర్చోని కోటు మనిషిని అవమానిస్తుందమ్మా."

ఆ షాపులో కిటికీ పక్కన స్టూలు వేసుకుని కాజాలు కుట్టేది అక్క, ఆ పని లేనప్పుడు పక్కనున్న తన మిషను మీద వీధిలోవాళ్ళకు జాకెట్లు కుట్టేది. వీధి మొత్తానికి కాజాల అక్క. మిషను మీద కుట్టిన కాజాను ఆవిడ కాజా అనేదే కాదు, చిల్లు అనేది. చేత్తో కుట్టిన కాజాలో గుండీ వేలు తగలగానే దూరిపోవాలి, దానంతటది ఊడి రాకూడదు. అది ఆవిడ లెక్క. కుట్టడం అయ్యాక మాస్టారు కోటును వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒక్కొక్క కాజానూ చూసేవారు. బాగుందని ఒక్కనాడూ అనగా నేను వినలేదు. ఏమీ అనకుండా కోటు హ్యాంగరుకు తగిలించారంటే బాగున్నట్టు.

అక్క కథ పెద్దదేమీ కాదు. పెళ్ళయిన ఏడాదికే మొగుడనేవాడు పనికని చెప్పి పోయి జాడ లేకుండా పోయాడు. చచ్చాడో బతికాడో చెప్పేవాళ్ళు లేరు, విడాకుల కాగితం లేదు. కాజాల పనికి మాస్టారి దగ్గర కుదిరింది. కొన్నేళ్ళు కింద పని చేసుకుని సాయంత్రానికి వెళ్ళిపోయేది. తర్వాత వెళ్ళడం మానేసింది. బయటికి చెప్పుకోవడానికి వీల్లేని కాపురం, చెప్పకపోయినా అందరికీ తెలిసిన కాపురం. ఆయన ఆవిడను "ఇదిగో" అని పిలిచేవారు. ఆవిడ పై గదిలో కూడా ఆయన్ని "మాస్టారూ" అనే అనేది. ముప్పై ఏళ్ళ సంసారం ఆ రెండు పిలుపులతోనే నడిచింది.

పాత పెంకుల షెడ్డు పడగొట్టి ఆ ఇల్లు లేపింది ఇద్దరి రెక్కల కష్టంతోనే. ఇటుకలకు నీళ్ళు కొట్టింది అక్కే, నేను చూశాను. కాగితం మాత్రం ఆయన ఒక్కరి పేరున ఉంది. పిల్లలు లేరు. ఆయన రక్తసంబంధం అంటూ మిగిలింది చనిపోయిన అన్నగారి కొడుకు ఒక్కడే. ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. పెళ్ళి కోటు ఇక్కడే కుట్టించుకున్నాడు, అక్క చేతి కాఫీ తాగాడు, "పిన్నీ" అని నోరారా పిలిచేవాడు. అయితే ఏం లాభం? మాస్టారు ఏ కాగితమూ రాయకుండా పోతే ఇల్లు నేరుగా అతని చేతికి పోతుంది, అక్క బజార్న పడుతుంది. ఇది అర్థం కావడానికి లా చదవక్కర్లేదు. నాకు అర్థమైంది, ఎదురుగా గుండీలూ దారాలూ అమ్ముకునే బాబాయికి అర్థమైంది. ఇద్దరం కలిసి మాస్టారి వెంటపడ్డాం. వినీ విననట్టు తిరిగి, చివరికి మా పోరు పడలేక ఒకరోజు లాయరుగారి ఆఫీసుకు వెళ్ళి, అక్కడి గుమాస్తా దగ్గర ఒక నమూనా రాయించుకొచ్చారు.

దాన్ని టైపు చేసింది నేనే. ఆస్తి వివరం ఒక గడి. ఎవరికి చెందాలో వాళ్ళ పేరు ఒక గడి, చిరునామా ఒక గడి. చివర 'నాకు గల సంబంధం' అని ఇంకో గడి. మిగతావన్నీ మాస్టారు గబగబా చెప్పేశారు. ఆ ఆఖరి గడి దగ్గర ఆగిపోయారు.

భార్య అనే వేయిద్దామనుకున్నారట. గుమాస్తా బెదరగొట్టాడు. పెళ్ళి కాగితం లేకుండా ఆ మాట రాస్తే రేపు అన్నకొడుకు అబద్ధమని తేల్చి వీలునామా మొత్తాన్నీ కొట్టేయిస్తాడన్నాడు. నా దగ్గర పనిచేసే ఆమె అని రాస్తే ఏ గొడవా ఉండదని సలహా కూడా వాడే చెప్పాడు. అలాగే టైపు కొట్టి, ప్రింటు తీసి మాస్టారి చేతిలో పెట్టాను. సాక్షులుగా నేనూ గుండీల బాబాయీ పెన్నులు పట్టుకుని నిలబడ్డాం. మాస్టారు ఆ కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని, తల ఇటు వంచి అటు వంచి, అచ్చం కోటును చూసినట్టే చూశారు. "భుజం దగ్గర పట్టేస్తోందమ్మా" అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

అలా మొదలైంది ఆ కాగితానికి ట్రయలు. మళ్ళీ వచ్చి 'నా ఆప్తురాలు' అని కొట్టమన్నారు. కొట్టాక, మరీ వదులుగా ఉంది, ఇది ఎవరికైనా సరిపోతుంది అన్నారు. 'నా సహచరి' అంటే అద్దెకు తెచ్చుకున్న కోటులా ఉందన్నారు. గుండీల బాబాయి ఏదో దూరపు చుట్టరికం కల్పించి చెప్తే, "లేని గుడ్డకు లైనింగు వేయమంటావా" అని కసురుకున్నారు. నేను విసిగిపోయి, చెల్లెలని రాసి పారేద్దాం, పీడా విరగడైపోతుంది అన్నాను. ఆ మాటకు ఆయన చాలా రోజులు నా షాపు ముందు నుంచి నడవడం మానేసి అవతలి పక్క నుంచి తిరిగి వెళ్ళారు. మొండిఘటం.

నెత్తీ నోరూ బాదుకున్నాను. మాట ఏదైతేనేం మాస్టారూ, ఆవిడకు నీడ దక్కాలి కదా అని అరిచాను కూడా. ఆయన కత్తెర కింద పెట్టి నిదానంగా అన్నారు.

"నేను పోయాక ఆ కాగితం నలుగురి చేతుల్లోకి వెళ్తుంది. అందరూ జీతగత్తె అని చదువుకుంటారు. నా నోటితో ఆ మనిషిని ఏమనీ పిలుచుకోలేకపోయాను. చెప్పుకోడానికి ఆ కాగితం ఒక్కటే ఉంది నాకు. కాస్త ట్రయలు కానియ్యి."

ఏమనాలి అలాంటి మనిషిని? కోపం వచ్చింది, ఆ వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. వచ్చి ఏం ప్రయోజనం? ఆయన ఆ మొదటి ప్రింటును తీసుకెళ్ళి, కచ్చాకుట్లతో వేలాడే కోట్ల మధ్య ఒక హ్యాంగరుకు గుండుసూదితో గుచ్చారు. దానికి బిల్లు చీటీ కూడా తగిలించారు. డెలివరీ తేదీ చోట ఏమీ రాయలేదు.

అక్కకైనా చెప్పి చూద్దామని పైకి వెళ్ళాను. నువ్వు ఒక్క మాట అను, నువ్వంటే సంతకం పెట్టేస్తారు అన్నాను. అక్క గుడ్డముక్కలు ఏరుకుంటూ నవ్వి ఊరుకుంది. గట్టిగా పట్టుకుంటే అప్పుడు చెప్పింది, తను అడిగితే ఆయన చావు కోసం కాచుక్కూర్చున్నట్టు ఉంటుందని. ఆయనేమో ఆవిడ గౌరవం చూశారు, ఆవిడేమో ఆయన మనసు చూసింది. ఇద్దరూ కలిసి ఇంటి సంగతి గాలికొదిలేశారు. వాళ్ళిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెరో నాలుగు తగిలించాలనిపించింది నాకు.

ఒక మధ్యాహ్నం మాస్టారు బల్ల దగ్గర నిలబడి ఎవరిదో ప్యాంటు గుడ్డ మీద గీత గీస్తున్నారు. స్కేలు లేకుండా గీసినా వంకర పోని చెయ్యి అది. అక్క తలెత్తి చూసేసరికి సుద్దగీత గుడ్డ దాటి బల్ల మీదికి పాకిపోతోందట. "మాస్టారూ" అని ఆవిడ వేసిన కేక నా షాపులోకి వినిపించింది. మేం పరిగెత్తేసరికి ఆయన బల్ల కాలు పట్టుకుని కింద కూర్చుని ఉన్నారు. నోరు పక్కకు పోయింది.

ఆస్పత్రి కౌంటరులో చేర్చుకునే కాగితం నింపుతూ, రోగికి మీరేమవుతారని అడిగింది అక్కడి అమ్మాయి. అక్క నా వైపు చూసింది. భార్య, రాసుకోమ్మా అన్నాను నేను. ఆ పిల్ల తలైనా ఎత్తకుండా రాసేసుకుంది. మాస్టారికి అన్నాళ్ళుగా చేతకాని పని అక్కడ కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది.

కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఎడమచెయ్యి కొంచెం ఆడేది, ఎవరు ఏం చెప్పినా అర్థమయ్యేది. కొన్నాళ్ళుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంకోసారి ఇలా వస్తే మాత్రం ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. మనిషిని పై గదిలో పడుకోబెట్టడం ఆలస్యం, కిందికొచ్చి హ్యాంగరు నుంచి ఆ కాగితం పీకాను. ఈసారి గుమాస్తాను నమ్మలేదు. నేరుగా లాయరుగారింటికే వెళ్ళి, ఆయన బయటికొచ్చేదాకా గుమ్మం దగ్గరే కూర్చున్నాను. మర్నాడు కోర్టుకు వెళ్తూ వస్తానన్నారు.

వచ్చారు పాపం, మాట తప్పలేదు. ఒంటి మీద నల్లకోటు మాస్టారు కుట్టిందే. అది చూసి మాస్టారి కళ్ళు ఆ కోటు భుజాల మీదే తిరిగాయి. లాయరుగారు మంచం పక్కన కుర్చీ వేసుకుని, మీకు కాగితం చదివి వినిపిస్తాను, ఒప్పుకోలైతే తల ఊపండి, ఎడమచేతి వేలిముద్ర చాలు అని చెప్పారు. నేనూ గుండీల బాబాయీ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాం. ఇంకుప్యాడు బాబాయి చేతిలో ఉంది. అక్క గోడకు ఆనుకుని, చీర కొంగు రెండు చేతుల్తో నలుపుకుంటోంది.

లాయరుగారు చదువుకుంటూ వచ్చారు. ఇల్లు, షాపు, హద్దులు, అన్నిటికీ మాస్టారు తల ఊపారు. అక్క పేరు చదివితే ఊపారు. 'నా దగ్గర పనిచేసే ఆమె' అనగానే ఆగిపోయారు. ఎడమచెయ్యి దిండు పక్కన తడుముకుంటూ వెళ్ళింది. ఆయన చేతికి అలవాటని, లేకపోతే నిద్రపట్టదని, అక్క అక్కడ ఒక ఎర్ర సుద్దముక్క పెట్టింది. దాన్ని పట్టుకుని, లాయరుగారి చేతిలోని కాగితం మీద, ఆ మాటకు అడ్డంగా ఒక గీత పెట్టారు. సరిపోలేదు, విప్పి మళ్ళీ కుట్టమని కోటు మీద పెట్టే గీత అది.

మాస్టారూ మీకు దండం పెడతాను, ఈ ఒక్కసారికి ఊరుకోండి అని ఏడ్చేశాను నేను. లాయరుగారు కళ్ళజోడు తీసి కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఈ గడి ఎవరు పెట్టారు? ఇది అవసరమే లేదు. ఫలానా పేరు, ఫలానా చిరునామా అని రాస్తే చాలు. ఏమవుతుందో ఎవరూ అడగరు."

ఇన్నాళ్ళూ ఆ మనిషి భుజం దగ్గర పట్టేసిందనీ నడుము దగ్గర వదులైందనీ కిందా మీదా పడ్డ గడి అసలు ఉండక్కర్లేని గడి. ఆ గుమాస్తాగాడు కనిపిస్తే కత్తెరతో వాడి చొక్కా చేతులు కత్తిరించేసేదాన్ని. మాస్టారికి మాత్రం విషయం అర్థమైంది. ఆయన ముఖం ఒక పక్కే కదులుతుంది, ఆ పక్క నవ్వింది. తల ఊపారు. అక్క వైపు చూసి ఇంకోసారి ఊపారు.

లాయరుగారు ఆ గడి తీసేసి కొత్త ప్రింటు తెమ్మన్నారు. కొట్టివేతలున్న కాగితం మీద వేలిముద్ర తీసుకుంటే రేపు అదొక తకరారు అవుతుందన్నారు. మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. కంప్యూటరు నిదానంగా తెరుచుకుంటుంటే దాని నెత్తిన మొట్టాను. ఆ గడిని తీసేయడానికి ఎంతసేపు పడుతుంది, ఒక్క నొక్కు. ప్రింటరు కాగితం మింగి సగంలో ఆపేసింది. లాగి పడేసి, మళ్ళీ పెట్టి, వెచ్చటి కాగితం గుండెకు అదుముకుని పైకి పరిగెత్తాను.

గది గుమ్మం దగ్గరికి వెళ్ళగానే ఊపిరి చప్పుడు వినిపించింది. గురకలాంటిది, కానీ గురక కాదు. అక్క ఆయన చెంపలు తడుతోంది. లాయరుగారు లేచి నిలబడి ఉన్నారు. నేను కాగితం ఆయన చేతిలో పెట్టాను. చదివారు, బాగుందన్నారు. మాస్టారి చెవి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచారు, భుజం తట్టారు, కళ్ళ ముందు చెయ్యి ఆడించారు. ఒక రెప్ప కూడా కదల్లేదు. తెలివిలేని మనిషి వేలిముద్ర తీసుకోవడం తన వల్ల కాదనీ, తెలివి వస్తే ఎంత పనిలో ఉన్నా వచ్చేస్తాననీ చెప్పి, కాగితం మంచం మీద పెట్టి, కోర్టుకు వేళవుతోందని మెట్లు దిగారు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. అదే మరీ కడుపు మండే విషయం.

గుండీల బాబాయి గుమ్మం వైపు చూసి తలుపు దగ్గరకు వేశాడు. ఇంకుప్యాడు మూత తీశాడు. సాక్షులం మనమిద్దరమే కదా, ఆయన ఒప్పుకోవడం మన కళ్ళతో చూశాం కదా అన్నాడు, నా ముఖంలోకి చూడకుండా. నిజమే. చూశాం. తల ఊపారు, రెండుసార్లు ఊపారు. నేను మంచం మీద కూర్చుని మాస్టారి ఎడమచేతి బొటనవేలు పట్టుకున్నాను. వేలు వెచ్చగానే ఉంది, సుద్ద అంటుకుని ఎర్రగా ఉంది. ఇంకుకు తగిలించబోతున్నాను. అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఆయన చూసి సరే అనకుండా నేనొక్క గుండీ కూడా కుట్టలేదు ఎప్పుడూ."

పిచ్చిదానా, రేపు నీ గతేమిటని అడిగాను. ఆవిడ ఆయన చేతిని నా చేతిలోంచి విడిపించి, కొంగుతో సుద్ద తుడిచి, దుప్పటి కింద పెట్టింది. అప్పుడు ఆవిడ మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఇంకెవరి మీదా రాలేదు. అంత ఇష్టమూ పుట్టలేదు.

ఇక రోజంతా లేపడమే పని. ఆస్పత్రి నుంచి డాక్టరును పిలిపించాం, ఆయన చూసి, ఆస్పత్రికి తరలించినా లాభం లేదని పెదవి విరిచి వెళ్ళిపోయాడు. అక్క మాత్రం వదల్లేదు. తడిగుడ్డతో ముఖం తుడిచేది, పాదాలు రుద్దేది. చెవి దగ్గర నోరు పెట్టి, మామూలుగా కింది నుంచి పిలిచే గొంతుతోనే, "మాస్టారూ, ట్రయలుకు వచ్చారు, లేవండి. వాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు" అని పిలిచేది. కాసేపు చూసి, మళ్ళీ అదే మాట. ఎవరి పిలుపు వినకపోయినా ఆ పిలుపుకు ఆయన అన్నం ముందు నుంచి కూడా లేచి వచ్చేవారు. నేను అక్కడ ఉండలేక మెట్ల మీదికొచ్చి కూర్చున్నాను. ఆ పిలుపు అక్కడికీ వినిపిస్తూనే ఉంది. మర్నాడు పొద్దున, షాపులు తెరిచేవేళకు, ఊపిరి చప్పుడు ఆగిపోయింది.

అన్నకొడుకు కబురు అందగానే వచ్చాడు. మనస్ఫూర్తిగా ఏడ్చాడు. జరగాల్సినవన్నీ ఏ లోటూ లేకుండా జరిపించాడు. పిన్నీ ఏమైనా తిన్నావా అని అక్కను అడిగాడు కూడా. ఆ తర్వాత వారం తిరక్కుండానే నా షాపుకు వచ్చి, "ఆవిడ ఎప్పటికి ఖాళీ చేస్తారో కాస్త కనుక్కుంటారా" అన్నాడు. పిన్ని ఎప్పుడు ఆవిడ అయిందో నాకు అంతుపట్టలేదు. మధ్యలో ఎవరో లాయరును కలిసి వచ్చి ఉంటాడు. తర్వాత ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చి ఇనుప టేపుతో షాపు కొలిపించాడు. ఆ టేపును మాస్టారి బల్ల మీద అటు చివర నుంచి ఇటు చివరికి పరిచి చదువుతుంటే, అక్క తన స్టూలు పక్కకు జరుపుకుని, వాళ్ళకు అడ్డం లేకుండా నిలబడింది.

మా లాయరుగారి దగ్గరికి పరిగెత్తాం. వేలిముద్ర లేని ఆ కాగితం చిత్తుకాగితంతో సమానమన్నారు. కోర్టుకు వెళ్ళొచ్చు, కలిసి బతికారని సాక్ష్యాలు చూపించొచ్చు, కానీ ఏళ్ళు పడుతుంది, గెలుస్తామని మాటివ్వలేను అన్నారు. ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న కాగితం ఏదైనా ఉందా అని అడిగారు. ఆస్పత్రి కాగితం ఉంది అన్నాను. అది మీరు చెప్పి రాయించిందే కదా అన్నారు. అక్క అంతా విని ఒక్కటే అడిగింది, అప్పటిదాకా నేనెక్కడ పడుకోవాలి లాయరుగారూ అని. ఆయన మా కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేశారు. దారి పొడుగునా, ఆ వేలిముద్ర వేయనిచ్చి ఉంటే అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నమిలి మింగేశాను.

మాస్టారి దగ్గర కోట్లు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కచ్చాకుట్లతోనే మడిచి పట్టుకుపోయారు. హ్యాంగర్లు మిగిలాయి. నా షాపు వెనక కాగితం రీములు పేర్చుకునే చోటు ఖాళీ చేసి ఒక మడత మంచం పడేలా చేశాను. కాళ్ళు చాపితే తలుపు మూసుకోదు. ముప్పై ఏళ్ళు ఇల్లు నడిపిన మనిషికి నేను ఇవ్వగలిగింది అదే.

అక్కకు కావలసింది ఇంక ఒక్కటే, తన కుట్టుమిషను. అదీ లెక్కప్రకారం షాపు సామానే. అన్నకొడుకు ఇస్తానన్నాడు, ఒక చిన్న కాగితం మీద సంతకం పెడితే చాలన్నాడు. ఆ కాగితం రాయించుకుని నా షాపుకే వచ్చాడు ప్రింటు తీయించుకోవడానికి. సాక్షులను ఇద్దరిని వెంటబెట్టుకునే వచ్చాడు. అతనికి తెలిసిన పని అది.

తెర మీద చదివాను. 'నేను సదరు టైలరు వద్ద జీతం మీద కాజాలు కుట్టే పనికి కుదిరిన మనిషిని. అంతకు మించి ఆయనకు నాకు ఏ సంబంధమూ లేదు. ఇంటి మీద గానీ షాపు మీద గానీ నాకు ఎలాంటి హక్కూ లేదు.' ప్రింటరు చెడిపోయింది, ఇంకెక్కడికైనా వెళ్ళండి అన్నాను. వెనక గదిలోంచి అక్క వచ్చి, తియ్యమ్మా, పని కానియ్యి అంది. తీశాను. ఆవిడ కాగితం పట్టుకుని, వెలుతురు వైపు తిరిగి, మెల్లగా చదువుకుంది. జీతం అనే మాట దగ్గర వేలు పెట్టి ఆగింది. సంతకం పెట్టొద్దు అక్కా, మిషను నేను కొనిపెడతాను అని బతిమాలాను.

"ఈ మాట మీద సంతకం పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు. నాకు వస్తుందిలే, పెన్నివ్వు."

ఒక్క గీత వంకర పోకుండా పెట్టింది. రెండో కాపీ మీద కూడా పెట్టింది. సాక్షులిద్దరూ చకచకా కానిచ్చేశారు. అన్నకొడుకు కాగితాలు జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టుకున్నాడు. అతని భుజాల మీద నుంచి పెద్ద బరువేదో దిగిపోయినట్టుంది, ముఖం తేటపడింది. మిషను సాయంత్రం మనిషిని పెట్టి పంపిస్తానన్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

"చాలా థాంక్స్ పిన్నీ."